గట్టయ్య ఇంకా లోపలే ఉన్నాడు

సోమవారం మొదటి షిఫ్టు ముగిసి గనివాళ్లంతా ఇళ్లకు పోయాక, దీపాలగదిలోని కంప్యూటరు ఒక మనిషి ఇంకా భూమిలోపలే ఉన్నాడని చెప్పింది. ఆ మనిషి గట్టయ్య. అదే సమయానికి గట్టయ్య కాలనీలో తన క్వార్టరు ముందు మంచం మీద కూర్చుని జొన్నరొట్టెకు ఉల్లిగడ్డ నంజుకుంటున్నాడు.

దీపాలగది చూసుకునే రాజలింగు సైరను మోగించాడు. వెతకడానికి ఒక జట్టు కిందికి దిగింది. రెండో షిఫ్టువాళ్లు గేటు దగ్గరే ఆగిపోయారు. సైరను విన్న గట్టయ్య, ఎవడో పాపం చిక్కుకున్నాడనుకుని, చెయ్యి కూడా కడుక్కోకుండా గని దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. తనను వెతకడానికి తానే వచ్చిన మనిషిని చూసి అక్కడున్నవాళ్లకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. మేనేజరు అనంతరావుకు మాత్రం వెంటనే తెలిసిపోయింది. ఆయన రాజలింగును తిట్టాడు. సాయంత్రానికల్లా రాజలింగు చేతిలో మెమో పడింది. పై కప్పు కూలి కాలు విరిగాక దయతలచి దీపాలగదిలో కూర్చోబెట్టామనీ, ఆ కూర్చున్న పని కూడా సరిగ్గా చెయ్యలేకపోతే మళ్లీ కిందికే పోవలసి ఉంటుందనీ అందులో మరాఠీలో రాసి ఉంది.

మంగళవారం పొద్దున చంద్రపూర్ ఊళ్లోని తుకుం పేట నుంచి శ్రీవాణి వచ్చింది. కంప్యూటరులో గనివాళ్ల పేర్లు చూపించే పేజీని తయారుచేసింది ఆమే. మందుల దుకాణం పైన రెండు గదుల్లో నడిచే కంపెనీ వాళ్లది. యజమాని వినాయక్, పనిచేసేది శ్రీవాణి. బోర్డు మీద రాసిన మిగతా విభాగాలన్నీ బోర్డు మీదనే ఉండేవి. రాజలింగు ఆమె తల్లికి వరుసకు తమ్ముడు. అందుకని ఈ పని ఆమెకు ఇంటి పనిలాగే ఉండేది. ఇప్పుడు అదే ఇంటి మీదికి వచ్చింది.

దీపాలగదిలో గోడ పొడవునా గూళ్లు, ఒక్కో గూట్లో నంబరు వేసిన ఒక్కో టోపీదీపం, ఛార్జింగు ఎక్కుతూ. దిగేవాడు తన దీపం తీసుకుంటాడు, పైకి వచ్చినవాడు తిరిగి పెడతాడు. రాజలింగు కిటికీలోంచి మనిషి మొహం చూసి అతని నంబరు నొక్కుతాడు. దీపం చూసి నొక్కడు. అదొక్కటి ఆయన పట్టుదల. దానికి కారణం ఉంది. షిఫ్టు అయ్యాక పైకి తెచ్చే డోలీ దగ్గర పెద్ద వరస ఉంటుంది. ఒళ్లు అలిసిన పెద్దవాళ్లు తమ దీపాన్ని జోడీగా పనిచేసే కుర్రవాడి చేతికిచ్చి, నువ్వు పోయి అప్పజెప్పు, నేను తరువాతి డోలీలో వస్తానని కింద బల్ల మీద కూర్చుంటారు. అక్కడ కరెంటు దీపాలుంటాయి కాబట్టి భయం లేదు. గనిలో ఇది తప్పు కాదు, మర్యాద. అందువల్ల దీపం గూట్లో ఉన్నంత మాత్రాన మనిషి పైకి వచ్చినట్టు కాదు. సోమవారం కూడా గట్టయ్య దీపం గూట్లోనే ఉంది. దీపం ఉండి మనిషి లేకపోవడం చూసే రాజలింగు సైరను మోగించాడు.

శ్రీవాణి ముందు అసలు లెక్క తెరిచింది. గట్టయ్య పైకి వచ్చినట్టు రాజలింగు నొక్కిన గుర్తు, నొక్కిన టైముతో సహా అందులో ఉంది. మామ తప్పు లేదని ఆమె ఊపిరి పీల్చుకుంది. తరువాత, ఇప్పుడు లోపల ఎవరెవరున్నారో చూపించే పేజీ తెరిచింది. మంగళవారం షిఫ్టు నడుస్తోంది కాబట్టి పేర్లు బారుగా వచ్చాయి. వాటి మధ్యలో గట్టయ్య పేరు కూడా ఉంది. నిన్నటి నవ్వులపాటుకు గట్టయ్య ఇవాళ పనికే రాలేదు. ఆమె మళ్లీ తెరిచింది. గట్టయ్య లేడు. మళ్లీ తెరిచింది. ఉన్నాడు. కుర్చీ వెనక్కి జరుపుకుని తెర వైపు కాసేపు ఊరికే చూసింది. తను రాసినదే తనకు అర్థం కాకపోవడం ఆమెకు కొత్త.

అనంతరావును పిలుచుకొచ్చి ఆయన ముందు తెరిస్తే గట్టయ్య లేడు. నాలుగుసార్లు తెరిచినా లేడు. దొంగను పట్టిస్తానని పోలీసును తెచ్చినవాడి పరిస్థితి అయింది ఆమెది. అనంతరావు కోపపడలేదు, అదింకా కష్టంగా ఉంది. రాజలింగు సోమవారం నొక్కడం మరిచిపోయాడనీ, సైరను గొడవలో తరువాత నొక్కి ఉంటాడనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. నొక్కిన టైము ఉంది కదా సార్ అంటే, ఆ గడియారం మాత్రం మీరు పెట్టింది కాదా అన్నాడు. శుక్రవారం దాకా చూస్తానని వెళ్లిపోయాడు.

రాజలింగు ఇదంతా ఒక దీపం అద్దాన్ని బట్టతో తుడుస్తూ విన్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

"నేను గట్టయ్య మొగం చూసిన్ననే అనుకుంటున్న బిడ్డా," అన్నాడు. "కానీ చూసింది సోమవారం నాడా, శనివారం నాడా? రోజూ అందరు ఒక్క తీర్గనే వస్తరు, నల్లగ. ఇప్పుడు నా కండ్ల మీద నాకే నమ్మకం లేదు."

అంతసేపూ అయోమయంగా ఉన్న శ్రీవాణికి అప్పుడు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటైతే, ఇన్నేళ్లుగా మొహాలు చూసి మనుషుల్ని లెక్కపెట్టినవాడు తన చూపునే అనుమానించుకోవడం ఇంకొకటి. రెండోది ఆమె చూడలేకపోయింది.

బుధవారమంతా తుకుం ఆఫీసులో కూర్చుని తన దగ్గరున్న ప్రతిని పరీక్షించింది. ఉత్తుత్తి మనుషుల్ని లోపలికి పంపింది, పైకి తెచ్చింది, సగంమందిని కిందనే ఉంచింది. పేజీ ప్రతిసారీ నిజమే చెప్పింది. దాని పనితీరు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఎవరైనా పేజీ తెరవగానే అది అసలు లెక్క దగ్గరికి ఒక లైను కలుపుకుంటుంది. దిగి ఇంకా రానివాళ్ల పేర్లు ఏరి ఒక కచ్చా పట్టికలో వేసుకుంటుంది. ఆ పట్టికను తెర మీద చూపిస్తుంది. పని అయిపోగానే లైను తెగిపోతుంది, లైనుతో పాటే కచ్చా పట్టికా మాయమవుతుంది. దాన్ని ఎవరూ తుడవనక్కర్లేదు. తుడిచే పని లేదనే శ్రీవాణి ఆ పద్ధతి ఎంచుకుంది, అది తన తెలివి అని కొంచెం మురిసింది కూడా. ఇక్కడ తప్పురాని పేజీ అక్కడెందుకు తప్పుతుందో ఎటునుంచి ఆలోచించినా మొదటికే వచ్చింది. సాయంత్రం ఫ్యాను కింద కాగితాలు ఎగురుతుంటే వాటి మీద చెప్పు పెట్టి, తల పట్టుకుని కూర్చుంది.

గురువారం ఇంటికి రాగానే తల్లి ఆగమ్మ రాజగిరా అనే తోటకూర గింజలు, సగ్గుబియ్యం కలిపిన డబ్బా చేతికిచ్చి పిండిగిర్నీకి పంపింది. మర్నాడు చతుర్థి ఉపవాసం, గోధుమ, బియ్యం తగలకూడదు. ఆగమ్మకు పుట్టింట్లో ఈ ఉపవాసాలేవీ లేవు, చంద్రపూర్ వచ్చాక పక్కింటి మరాఠీవాళ్లను చూసి నేర్చుకుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇప్పుడు ఆ పక్కింటివాళ్లే భయపడేంత నిష్ఠ ఆమెది. గిర్నీలో జనం కిక్కిరిసి ఉన్నారు. గిర్నీవాడు బెల్టు ఆపకుండా ఒకరి డబ్బా తరువాత ఒకరిది పోస్తూనే ఉన్నాడు. శ్రీవాణి గట్టయ్య గురించి ఆలోచిస్తూ నిలబడి, పిండి పట్టించుకుని వచ్చింది.

ఆగమ్మ పిండిని వేళ్ల మధ్య నలిపి చూసింది. రంగు చూసింది. మొహం మారిపోయింది.

"నీ ముందు ఎవ్వలది పట్టిండు?"

శ్రీవాణి తెలియదంది. గోధుమలేమో అంది.

"గోధుమపిండి కలిసినంక ఇగ ఉపాసం ఏడుంటది? గిర్ని ఆపి, దులిపి పట్టుమనాలె. లేకుంటే పొద్దుగాల్ల మొదలు పోవాలె. నడుస్తున్న గిర్నీల ముందటోనిది ఉండక ఏడికి పోతది? గింత సదివినవ్, గీ సంగతి ఎర్కలేదా?"

శ్రీవాణి డబ్బా మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నా ముందు ఎవరు? సోమవారం రాజలింగు పేజీ తెరవకముందు దాన్ని ఎవరు తెరిచారు? ఎప్పుడూ అందరికన్నా ఆఖరున వచ్చేది గట్టయ్యే. అతనొక్కడే లోపల ఉన్న నిమిషంలో మేనేజరు గదిలో ఎవరైనా పేజీ తెరిచి ఉంటే? ఆ లైను తెగకుండా, ఆ పట్టిక మాయం కాకుండా ఉండి, తరువాత రాజలింగుకు అదే లైను దొరికి ఉంటే? కానీ లైను తెగాలి కదా. తెగేట్టే కదా తను రాసింది. మూత ఇస్తావా ఇవ్వవా అని తల్లి అడుగుతోంది.

శుక్రవారం పొద్దున ఆఫీసు తాళం తీయకముందే వినాయక్‌ను మెట్ల మీద పట్టుకుంది. గనిలో పెట్టిన పేజీని మీరేమైనా ముట్టుకున్నారా అని అడిగింది. ముట్టుకున్నానని వినాయక్ హాయిగా ఒప్పుకున్నాడు. పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతోందని అనంతరావు విసుక్కుంటే, ఆదివారం వెళ్లి చిన్న మార్పు చేశాడట. ప్రతిసారీ లైను కలిపి తెంచడం దేనికి, కలిపిన లైన్లను అలాగే ఉంచి, వచ్చినవాళ్లకు ఏది ఖాళీగా ఉంటే అది ఇచ్చేట్టు చేశాడట. ఎంత తొందరగా తెరుచుకుంటోందో చూశావా అని కూడా అడిగాడు.

అతను కోరిన తొందర అతనికి దొరికింది. ఒక్కో లైను వెనక ముందటివాడి కచ్చా పట్టిక అలాగే ఉండిపోయింది. కొత్తగా తెరిచినవాడి పేర్లు పాత పేర్ల కింద చేరాయి. ఏ లైను దొరికితే ఆ నిజం. అందుకే గట్టయ్య ఒకసారి ఉన్నాడు, ఒకసారి లేడు.

ఇదంతా విన్నాక వినాయక్ కాసేపు మెట్ల మీదే కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. గనితో ఒప్పందం వచ్చే నెల తిరగరాయాలి.

"దిద్దు, కానీ ఎవ్వలకు చెప్పకు," అన్నాడు. "తప్పు మనది అన్నమంటే రేపు గీ ఆఫీసే ఉండది. మీ మామ గురించి సాహెబ్‌తోటి మాట్లాడిన. మర్సిన, మాఫ్ చెయ్యుండ్రి అని ఒక్క కాయిదం రాసిస్తే వదిలేస్తడు. ఎవ్వలకు నష్టం లేదు."

శ్రీవాణి ఏమీ అనలేదు. అనకపోవడం ఒప్పుకోవడమేనని ఆమెకు తెలుసు. గనికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ తన మీద తనకు రోత పుట్టింది.

దీపాలగదిలో రాజలింగు తేలికపడ్డ మనిషిలా ఉన్నాడు. పొద్దున్నే కాగితం రాసిచ్చాడట. అనంతరావు దాన్ని చదివి జేబులో పెట్టుకున్నాడట. ఇక కిందికి పోయే గండం తప్పినట్టే. గట్టయ్య కూడా ఇవాళ మళ్లీ పనిలోకి దిగాడట. టీ తెప్పించి ఆమెకు సగం పోశాడు. నువ్వు మరిచిపోలేదు మామా అని చెప్పాలని ఆమె నోటిదాకా వచ్చింది. ఆయన తేలికైన మొహం చూసి టీ తాగేసింది. తరువాత కూర్చుని పేజీని దిద్దింది. లైను ప్రతిసారీ తెగేట్టు మళ్లీ మార్చింది. అది చాలదన్నట్టు, పేర్లు ఏరడానికి ముందు పాత కచ్చా పట్టిక ఉంటే తీసిపారేసేట్టు ఇంకో వాక్యం రాసింది. గిర్నీ ఆపి, దులిపి, అప్పుడు పట్టమన్నట్టు.

షిఫ్టు వదిలారు. మనుషులు డోలీలోంచి గుంపులుగా వచ్చి కిటికీ ముందు నుంచి సాగారు. రాజలింగు తలెత్తి చూడటం, నొక్కడం, మళ్లీ తలెత్తడం. ఒక కుర్రవాడు రెండు దీపాలు గూళ్లలో పెట్టి బస్సు కోసం పరుగుతీశాడు. గుంపు పలచబడింది, తరువాత అసలే లేదు. రాజలింగు పేజీ తెరిచాడు.

లోపల ఒకరు. గట్టయ్య.

రాజలింగు నవ్వాడు. "ఇంక పోలేదా బిడ్డా నీ దయ్యం?"

కిటికీ బయట రెండో షిఫ్టువాళ్లు తొంగిచూశారు. గట్టయ్య తాత ఇంటి దగ్గర ఇంకో రొట్టె కూడా అందుకుని ఉంటాడని ఎవరో అంటే అందరూ నవ్వారు. గట్టయ్య దీపం గూట్లో బుద్ధిగా ఛార్జింగు ఎక్కుతోంది. శ్రీవాణి మళ్లీ తెరిచింది. గట్టయ్య. ఇంకోసారి తెరిచింది. గట్టయ్య. మంగళవారంలా పేరు వచ్చిపోవడం లేదు, కదలకుండా అక్కడే ఉంది. సరైన ఫైలే పెట్టిందా? దిద్దినదాన్ని తెరిచి ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. అంతా సరిగ్గా ఉంది. సరిగ్గా ఉన్నందుకే ఆమెకు భయం వేసింది.

అలికిడి విని అనంతరావు వచ్చాడు. తెర చూసి, ఇంకా బాగుచెయ్యలేదా అని అడిగాడు. రెండో షిఫ్టును దించమని వెనక్కి చెప్పబోయాడు.

"బాగుచేసిన సార్," అంది శ్రీవాణి. "సోమవారం తప్పు మాది. మా కంపెనీది. పాత పేర్లు పోకుండ ఉండిపోయినయ్. పొద్దున దిద్దిన. ఇప్పుడు గీ పేరు పాతది కాదు. గట్టయ్య తాత కిందనే ఉన్నడు."

నవ్వులు ఆగిపోయాయి. అనంతరావు ఆమెనూ తెరనూ మార్చి మార్చి చూశాడు. అప్పుడు పేరుంటే మనిషి లేడన్నారు, ఇప్పుడు ఉన్నాడంటున్నారు, ఏది నమ్మమంటారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయన కిందికి ఫోను చేశాడు. డోలీ దగ్గర బల్ల మీద ఎవరూ లేరని కిందివాడు చెప్పాడు. అనంతరావు ఫోను పెట్టేశాడు.

శ్రీవాణి రాజలింగు వైపు తిరిగింది.

"మామా, సోమవారం నువ్వు మర్వలేదు. మొగం చూసినవ్, ఒత్తినవ్. నీ కన్ను తప్పలేదు. ఇయ్యాల చూసినవా గట్టయ్యను?"

రాజలింగు కిటికీ వైపు చూశాడు. ఇప్పుడే సాగిపోయిన మొహాలన్నీ ఆ చట్రంలో ఒకటొకటిగా మళ్లీ నడుస్తున్నట్టు చూశాడు. పెదాలు కదులుతున్నాయి. రెండు దీపాలు పెట్టిపోయిన కుర్రవాడి దగ్గర ఆగాడు.

"లేదు, చూడలే," అన్నాడు.

ఎవరినీ అడగలేదు. కుంటుకుంటూ గోడ దగ్గరికి పోయి సైరను మీట కిందికి లాగాడు.

గట్టయ్య డోలీకి కొంచెం దూరంలో, దుంగల దొంతర వెనక దొరికాడు. బల్ల మీద కూర్చున్నవాడికి ఛాతీలో నొప్పి లేచిందట. గాలి తగులుతుందేమోనని అటు నడిచి అక్కడే ఒరిగిపోయాడు. డోలీ వరస పెద్దగా ఉందని దీపం అప్పటికే కుర్రవాడి చేతికి ఇచ్చేశాడు. స్ట్రెచరు మీద పైకి తెచ్చేసరికి ఒళ్లంతా చెమట, బొగ్గుపొడి మీద చారలు కట్టి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాడు. అంబులెన్సు తలుపు దగ్గర రాజలింగు ఆపాడు. వంగి మొహం చూశాడు.

"నా దీపం ఇచ్చిండా పోరడు?" అని అడిగాడు గట్టయ్య.

ఇచ్చిండని చెప్పి రాజలింగు పక్కకు జరిగాడు. బండి వెళ్లిపోయింది. అనంతరావు జేబులోంచి పొద్దుటి కాగితం తీసి రాజలింగు చేతిలో పెట్టాడు. తన గది వైపు నడిచాడు. వినాయక్‌కు ఫోను పోతుందని ఆమెకు తెలుసు, రేపు తుకుం మెట్లు ఎక్కాలో వద్దో మాత్రం తెలియదు. అయినా పొద్దున బస్సులో తన మీద పుట్టిన రోత ఇప్పుడు లేదు.

రాజలింగు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దీపాల అద్దాలు తుడిచే బట్ట కింద ఉంచాడు. కుర్చీలో కూర్చుని గట్టయ్య నంబరు నొక్కాడు. శ్రీవాణి పేజీ తెరిచింది. లోపల ఎవరూ లేరు.

"ఇంకొక్కపారి తెరువు," అన్నాడు రాజలింగు.

ఆమె తెరిచింది. ఎవరూ లేరు. అప్పుడు రాజలింగు కిటికీ రెక్క తీసి, బయట నిలబడ్డ రెండో షిఫ్టువాళ్లను ఒక్కొక్కరిగా రమ్మన్నాడు.